సంచి విప్పని రసికుడు

కామిక్ పుస్తకాన్ని చదవడానికి కాక, రేపో మాపో దాని ధర ఆకాశాన్నంటుతుందన్న నమ్మకంతో కొని దాచేవాడిని అమెరికా దుకాణదారులు స్పెక్యులేటర్ అంటారు. ఇతడు పాఠకుడూ కాడు, తన దగ్గర లేని సంచికల జాబితా జేబులో వేసుకొని పాత పెట్టెలు తిరగేసే సేకర్తా కాడు, ఆ ఇద్దరినీ చూసి జాలిపడే మూడో తెగవాడు. కొత్త సంచికలు బుధవారం నాడు అమ్మకానికి రావడం చాలాకాలంగా ఆనవాయితీ కనుక ఇతడి వారం బుధవారంతోనే మొదలవుతుంది. అరలో పైకి కనిపించే ప్రతిని ఇతడు ముట్టుకోడు, పదిమంది వేళ్లు తగిలిన కాగితం ఇతడి లెక్కలో ఎంగిలి. వెనక వరుసలోంచి ఒక్కొక్క ప్రతినీ అంచులు నలగకుండా పైకి తీసి, వెలుతురు ఏటవాలుగా పడేటట్టు తిప్పి, వెన్ను మీద పిన్నులు గుచ్చిన చోట రంగు చిట్లి సన్నని తెల్లగీత ఏదైనా పడిందేమోనని ఊపిరి బిగబట్టి చూస్తాడు. బెండకాయల కొసలు విరిచి చూసే గృహిణి కూడా ఇంత నిశితంగా పరీక్షించదు. పైగా ఆమె చివరికి వాటిని వండుతుంది.

ఎంపికైన ప్రతిని ఇతడు మైలార్ అనే పారదర్శకమైన పాలిస్టర్ పొరతో చేసిన సంచిలోకి జార్చి, వెనక ఆమ్లం లేని గట్టి అట్టను ఆసరాగా నిలిపి, పొడవాటి అట్టపెట్టెలో నిలువుగా పేరుస్తాడు. ఈ జాగ్రత్తకు శాస్త్రీయమైన కారణం లేకపోలేదు: చౌకరకం న్యూస్‌ప్రింటులోని ఆమ్లం కాగితాన్ని కాలక్రమంలో పచ్చబరచి పెళుసెక్కిస్తుంది, వెలుతురూ తేమా ఆ పనిని తొందరపెడతాయి. కాగితం గురించి ఇంత తెలిసిన ఈ పండితుడికి దాని మీద ఏం అచ్చయిందో మాత్రం తెలియదు.

ఇతడి విశ్వాసానికి మూలగ్రంథం 1938లో వెలువడిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన ఆ పుస్తకం అప్పటి ధర 10 సెంట్లు. దాని ప్రతి ఒకటి 2014లో 32 లక్షల డాలర్లకు, మరొకటి 2024లో 60 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయాయి. నిద్రలో లేపి అడిగినా ఇతడు ఈ అంకెలను తడుముకోకుండా అప్పజెబుతాడు. 10 సెంట్లు 60 లక్షల డాలర్లయినప్పుడు 4 డాలర్లు ఎంతవుతాయన్న త్రైరాశికమే ఇతడి ఆర్థికశాస్త్రం. ఆ పాత్రను సృష్టించిన జెరీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు దాని హక్కులను 130 డాలర్లకు రాసిచ్చేసిన సంగతి కూడా ఇతడికి తెలుసు గాని, అందులో ఇతడికి విషాదం కనిపించదు, తొందరపడి అమ్మరాదన్న నీతి కనిపిస్తుంది.

త్రైరాశికంలో ఇతడు కలపని అంకె ఒకటుంది. ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక సుమారు రెండు లక్షల ప్రతులు అచ్చయిందనీ, వాటిలో మిగిలినవి దాదాపు నూరేననీ అంచనా. తక్కినవన్నీ ఏమయ్యాయంటే, చదివినవాళ్లు వాటిని పుస్తకాలుగానే వాడుకున్నారు: పిల్లలు చుట్టచుట్టి వెనక జేబులో దోపుకున్నారు, స్నేహితులకిచ్చి మళ్లీ అడగలేదు, తల్లులు ఇల్లు సర్దుతూ పారేశారు, రెండో ప్రపంచయుద్ధకాలంలో పాత కాగితాల సేకరణకు కట్టలు కట్టి ఇచ్చేశారు. యుద్ధం ముగిశాక, కామిక్స్ పిల్లలను చెడగొడుతున్నాయన్న ఆందోళన పెరిగి, 1948లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హాంటన్ వంటి ఊళ్లలో వాటిని రాశులు పోసి తగలబెట్టారు కూడా. కాబట్టి నేటి కోట్ల విలువను సృష్టించినవాళ్లు ఆ తల్లులూ, ఆ మంట పెట్టినవాళ్లే గాని దాచినవాళ్లు కారు. దాచి ధనవంతుడు కావాలంటే తానొక్కడే దాచాలి, లోకమంతా పారేయాలి; ఈ రెండో షరతు ఇతడి చేతిలో లేదు.

ఈ సందర్భంలో ఎడ్గర్ చర్చ్ ప్రస్తావన తప్పదు. కొలరాడోకు చెందిన ఈ వాణిజ్య చిత్రకారుడు తన వృత్తికి పనికివచ్చే బొమ్మల కోసం కామిక్స్ కొని, చల్లని, పొడి నేలమాళిగలో దొంతరలుగా పేర్చిపెట్టాడు. 1977లో డెన్వర్ ప్రాంతంలోని ఆ ఇంటిని ఖాళీ చేస్తూ బంధువులు వాటిని వదిలించుకోబోతుండగా, చక్ రోజాన్‌స్కీ అనే యువ వ్యాపారి మొత్తం కొనేశాడు. 18,000 నుంచి 22,000 వరకు ఉంటాయని చెప్పే ఆ రాశిలోని పాత సంచికలు ఇవాళ అచ్చయి వచ్చాయా అన్నంత తెల్లగా ఉండి, ఆ కాలపు కామిక్స్‌కు నేటికీ కొలబద్దగా నిలిచాయి. దాచినవాడికి ధర మీద ధ్యాస లేదు; లాభం మరొకరికి పోయింది. స్పెక్యులేటర్ ఈ కథను పదేపదే చెప్పుకుంటాడు, చెప్పుకున్నప్పుడల్లా తనను రోజాన్‌స్కీ స్థానంలో ఊహించుకుంటాడు గాని, పెట్టెలు నింపుతున్న తాను ఆ కథలో ఏ పాత్రధారో ఇతడికి స్ఫురించదు.

ఇతడి స్వర్ణయుగం 1990ల ఆరంభం. అప్పటికి పాత సంచికల ధరలు పత్రికల్లో వార్తలైపోయాయి. రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ 1970లో మొదలుపెట్టిన ధరల సూచిక ఇతడికి పంచాంగమంత ప్రామాణికమైంది. ప్రచురణకర్తలకు ఇతడి బలహీనత ఇతడికంటే బాగా తెలుసు. 1991లో మార్వెల్ సంస్థ క్రిస్ క్లేర్‌మాంట్ కథతో, జిమ్ లీ బొమ్మలతో ‘ఎక్స్-మెన్’ మొదటి సంచికను ఒకే కథకు ఐదు ముఖచిత్రాలు తొడిగి విడుదల చేసింది. నాలుగింటిని పక్కపక్కన పెడితే ఒకే పెద్ద బొమ్మ అవుతుంది, ఐదోది విప్పితే ఆ బొమ్మంతా ఒక్క మడత అట్ట మీదే ఉంటుంది. నాలుగు కొన్నవాడికి ఐదోది అనవసరమనీ, ఐదోది కొన్నవాడికి నాలుగూ అనవసరమనీ పాఠకుడికి తోచవచ్చు; స్పెక్యులేటర్ ఐదూ రెండేసి కొన్నాడు. దుకాణాలు తెప్పించుకున్న ప్రతులు 80 లక్షలు దాటాయి. అదే ఏడు వచ్చిన ‘ఎక్స్-ఫోర్స్’ మొదటి సంచికను సంచిలో బిగించి, సేకరించుకునే ట్రేడింగ్ కార్డులు ఐదు రకాలలో ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క సంచిలో పెట్టారు. సంచి విప్పితే విలువ పోతుంది కనుక ఐదూ విప్పకుండా ఉంచి, చదవడానికి ఆరోది కొనాలని దుకాణదారు సలహా ఇచ్చాడు. ఇతడు ఆరోది కూడా కొని, విప్పకుండా దాచాడు. మెరిసే రేకు అట్టలూ, హోలోగ్రాములూ, చీకట్లో వెలిగే సిరాలూ ఆ కాలపు కథే.

ఈ ఉన్మాదానికి శిఖరం 1992 నవంబరు 18. ఆనాడు ‘సూపర్‌మ్యాన్’ 75వ సంచిక వెలువడింది; అందులో కథానాయకుడు చనిపోతాడని ముందే ప్రకటించడంతో అమెరికా వార్తాపత్రికలూ, టీవీలూ నిజమైన మరణవార్త స్థాయిలో దానిని మోసాయి. నెత్తురు ఓడుతున్న ‘ఎస్’ ముద్రతో ఉన్న నల్లసంచిలో, రెండున్నర డాలర్ల ధరకు, పుస్తకంతోపాటు చేతికి కట్టుకునే నల్లపట్టీ, సంతాపవార్త, పోస్టరు కూడా పెట్టి ఇచ్చారు. దుకాణాల ముందు వరుసలో నిలబడ్డవాళ్లలో ఏనాడూ కామిక్ చదవనివాళ్లు ఉన్నారు. కొనుక్కున్న తరువాత కూడా చాలామంది అదే నియమం పాటించారు. పలుమార్లు అచ్చు వేయగా మొత్తం 60 లక్షలకు పైగా ప్రతులు చెల్లిపోయాయి. ఆ సంచికలో డాన్ జుర్గెన్స్ కథనమంతా పేజీకి ఒక్క బొమ్మ చొప్పున సాగుతుంది. అంతకు ముందు భాగాలలో పేజీకి నాలుగు, మూడు, రెండుగా బొమ్మల సంఖ్యను తగ్గిస్తూ వచ్చి, చివరి పోరాటానికి ఒక్కటే మిగల్చడం కామిక్స్ శిల్పంలో చెప్పుకోదగ్గ ఎత్తుగడ. పన్నెండు ప్రతులున్న స్పెక్యులేటర్‌కు ఈ సంగతి తెలిసే దారి లేదు. మరుసటి ఏడాది సూపర్‌మ్యాన్ బతికివచ్చాడని విని ఇతడు కాస్త నొచ్చుకున్నా, చావు చావేనని, అది తన పెట్టెలో భద్రంగానే ఉందని సర్దిచెప్పుకున్నాడు.

హెచ్చరించినవాళ్లు లేకపోలేదు. రచయిత నీల్ గైమన్ 1993లో దుకాణదారుల సభలో మాట్లాడుతూ, 17వ శతాబ్దంలో హాలండ్ దేశస్థులు తులిప్ పూల గడ్డల మీద ఆస్తులు కుమ్మరించి దివాలా తీశారని చెప్పే ఉదంతాన్ని గుర్తుచేసి, మీరు అమ్ముతున్నవీ ఆ గడ్డలేనని తేల్చిచెప్పాడు. అయితే వ్యాపారపు అమరికే దుకాణదారు మెడకు చుట్టుకునేలా ఉంది. పత్రికల బడ్డీలకు కామిక్స్ వెళ్లిన రోజుల్లో అమ్ముడుపోనివాటిని వెనక్కి పంపే వీలుండేది. 1970లలో ఫిల్ స్యూలింగ్ చొరవతో బలపడిన డైరెక్ట్ మార్కెట్ అనే పద్ధతిలో దుకాణదారుకు ఎక్కువ తగ్గింపు దొరుకుతుంది, బదులుగా మిగిలిన సరుకు అతడి నెత్తినే ఉంటుంది. స్పెక్యులేటర్ ఒక్క వారం దుకాణానికి రావడం మానేస్తే చాలు, వెనకగది నిండిపోతుంది. 1993 తరువాత అదే జరిగింది: వేల దుకాణాలు మూతపడ్డాయి, 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా రక్షణ కోరింది. ఆ సంస్థ పతనానికి అప్పులూ, ట్రేడింగ్ కార్డుల వ్యాపారం చతికిలబడడమూ ఎక్కువ కారణాలు కనుక నేరమంతా ఇతడి మీద మోపడం అన్యాయమే. ఇతడు మాత్రం ఆ ఘనతలో తన వాటాను కూడా ఒప్పుకోడు.

తెగ అంతరించలేదు, చదువుకుంది. 2000లో ఆరంభమైన సీజీసీ అనే సంస్థ రుసుము తీసుకొని పుస్తకాన్ని పరీక్షించి, 0.5 నుంచి 10 వరకు మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో శాశ్వతంగా బిగించి పంపుతుంది. ఆ పెట్టెను స్లాబ్ అంటారు, దానిని పగలగొడితే మార్కు చెల్లదు. పేజీ తిప్పే అవకాశమే లేకుండా చేసిన ఈ ఏర్పాటును ఇతడు తన జీవితాశయానికి లభించిన అధికారిక గుర్తింపుగా స్వీకరించాడు. కొడుకుకు పరీక్షలో 98 మార్కులు వస్తే రెండు ఎక్కడ పోయాయని అడిగే ఈ తండ్రి, పుస్తకానికి 9.8 వస్తే మిఠాయిలు పంచుతాడు, 9.6 వస్తే భోజనం మానేస్తాడు. ఒక పాత్ర మొదటిసారి కనిపించిన సంచికకే విలువ కనుక, ఏ చిన్న పాత్ర సినిమాలోకి వస్తుందన్న పుకారు పుట్టినా ఇతడు ముందు పరిగెత్తుతాడు. 1991లో డెడ్‌పూల్ తొలిసారి కనిపించిన ‘న్యూ మ్యూటెంట్స్’ 98వ సంచిక ఒక్క డాలరుకు దొరికిందన్న జ్ఞాపకం ఇతడిని నిద్రపోనివ్వదు. మామూలు అట్ట ఉన్న ప్రతులు 25 తెప్పించుకున్న దుకాణానికే ప్రత్యేక ముఖచిత్రం ఉన్నది ఒకటి ఇస్తామనే వేరియంట్ పద్ధతి ఇప్పటికీ ఇతడి ఆశమీదే నడుస్తోంది. ఆ ఒక్కటీ ఇతడు పట్టుకుపోతాడు, మిగిలిన ఇరవై అయిదూ చదివేవాళ్ల కోసం ఎదురుచూస్తాయి.

ఇతడిని తెలుగు ఇంటికి తీసుకువస్తే నిర్ఘాంతపోతాడు. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ను దాచుకున్న కుటుంబాలు ఏడాది సంచికలను ఒకచోట చేర్చి, దబ్బనంతో పొడిచి, దారంతో కుట్టించి, అంచులు కత్తిరించి, కాలికో వెన్ను అతికించి బైండు చేయించాయి, వడ్డాది పాపయ్య ముఖచిత్రాల మీద పిల్లల పేర్లూ, పాలవాడి లెక్కలూ కనిపిస్తాయి. అమెరికా పరీక్షకుడి దృష్టిలో ఇది శవపరీక్షతో సమానం. అవి చిరిగిపోయేదాకా చదివారన్న సంగతి మార్కుల పట్టికలో ఎక్కడా నమోదు కాదు.

లోభి అనుకుంటే ఇతడికి అన్యాయం చేసినట్టే, ఎందుకంటే లోభి ఏనాటికైనా అమ్ముతాడు. ఇతడు మాత్రం ధర పెరుగుతున్నప్పుడు ఇంకా పెరుగుతుందని ఆగుతాడు, తగ్గుతున్నప్పుడు మళ్లీ పెరుగుతుందని ఆగుతాడు, కదలనప్పుడు ఏదో జరగబోతోందని ఆగుతాడు. మహమ్మారి కాలంలో మార్కెట్ వేడెక్కి, 1962లో స్పైడర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచిక ప్రతి ఒకటి 2021లో 36 లక్షల డాలర్లు పలికినప్పుడు, ఇతడు తన పెట్టెల వైపు చూసి తృప్తిగా తలపంకించాడే తప్ప మూత తీయలేదు.

గత్యంతరం లేక, ఇంట్లో గది ఖాళీ చేయమన్నారని, ఇతడు ఎప్పుడో ఒకనాడు నల్లసంచుల పెట్టెను దుకాణానికి మోసుకువెళతాడు. దుకాణదారు మూత కూడా తీయకుండా, ఆ సూపర్‌మ్యాన్ ప్రతులు తన వెనకగదిలోనే రెండువందలున్నాయని, తీసుకువెళితే తనకే మేలని చెబుతాడు. ఇతడి ముఖం వాడిపోతుందని ఆ వ్యాపారి ఎదురుచూస్తుండగా, ఇతడు గల్లా మీదికి వంగి, గొంతు తగ్గించి, ఇన్నీ ఒకే చేతికి చేరితే కొరత దానంతట అదే పుడుతుంది కదా అని ఆలోచించి, రెండువందలూ కలిపి తీసుకుంటే ఒక్కొక్కటి ఎంతకిస్తారని అడుగుతాడు.