ఇన్‌సైడ్ రావు

బెంగళూరుకు సముద్రం లేదు. ఆ లోటును ఇక్కడి తెలుగువాళ్ళు ఎక్సెల్ షీట్లతో పూడ్చుకుంటారు. మారతహళ్ళి, బెళ్ళందూరు, ఎలక్ట్రానిక్ సిటీ, ఎక్కడైనా సరే, పెద్ద అపార్ట్‌మెంట్ అన్నాక అందులో ఒక ఇన్‌సైడ్ రావు ఉండి తీరతాడు. అసలు పేరు ఏదైనా కావచ్చు. ఓడ ప్రయాణానికి కిటికీ లేని గది బుక్ చేసి, అదే సరైన గది అని నలుగురి చేతా ఒప్పించేదాకా నిద్రపట్టని ప్రతివాడూ ఇన్‌సైడ్ రావే.

పాపం, పుట్టుకతో ఆయన ఇలాంటివాడు కాదు. బెళ్ళందూరు చెరువు కనిపిస్తుందంటే చదరపు అడుగుకు నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి మరీ 'లేక్ వ్యూ' ఫ్లాట్ కొన్నాడు. చెరువు కనిపించిన మాట నిజమే. దాని మీద తెల్లటి నురగా కనిపించింది. గాలి లేస్తే ఆ నురగ రోడ్డెక్కి స్కూటర్ల మీద వెళ్ళేవాళ్ళ నెత్తిన పడడమూ కనిపించింది. 2017 ఫిబ్రవరిలో ఆ చెరువుకు నిప్పంటుకుంది. 2018 జనవరిలో మళ్ళీ అంటుకుంటే ఆర్పడానికి సైనికులు దిగారు. డబ్బిచ్చి కొనుక్కున్న నీళ్ళు పొగలు కక్కుతుంటే కిటికీలోంచి చూసిన మనిషి ఆయన. అప్పట్నుంచి బాల్కనీ తలుపు తెరవలేదు, బట్టలు కూడా హాల్లోనే ఆరేస్తున్నారు. ఈఎంఐ మాత్రం వ్యూతో కలిపే కడుతున్నాడు. "ఇకమీదట చూపుకు పైసా ఇవ్వను" అని ఒట్టు పెట్టుకున్నది అప్పుడే.

2022 జూన్‌లో కార్డీలియా అనే క్రూజ్ కంపెనీ వాళ్ళ ఎంప్రెస్ ఓడ చెన్నై నుంచి విశాఖపట్నం వచ్చింది. ఆ ఫొటోలు తెలుగువాళ్ళ ఫోన్లన్నీ చుట్టేశాయి. రావుగారి భార్య కూడా చూసింది. "మనమూ వెళ్దామండీ" అంది. ఆవిడ మనసులో ఉన్నది బాల్కనీ, రెండు కుర్చీలు, కాఫీ, ఎదురుగా సూర్యోదయం. ఆయన విన్నది మాత్రం 'ఖర్చు' అనే భాగమే.

ఆ రాత్రే షీటు తెరిచాడు. రెండు రాత్రుల ప్రయాణం అంటే మొత్తం నలభై గంటలు వేసుకుందాం. చీకటి ఇరవై నాలుగు. చీకట్లో సముద్రం నల్లగా ఉంటుంది, నలుపు చూడ్డానికి ఇంట్లో కళ్ళు మూసుకుంటే చాలు. మిగిలింది పదహారు. టిఫిన్లూ భోజనాలూ, వాటి ముందు లైన్లూ కలిపి ఆరు. ఆటలు, పాటలు, మ్యాజిక్ షో అయిదు. ఎండకు బాల్కనీలో కూర్చోలేని గంటలు మూడు. ఇక మిగిలినవి రెండే రెండు గంటలు. బాల్కనీ గదికీ లోపలి గదికీ తేడా ఇరవై నాలుగు వేలు. "గంటకు పన్నెండు వేలు! ఆ రేటుకు సముద్రాన్ని కొలిచి అమ్మేవాడు ఎంత తెలివైనవాడో చూడు" అన్నాడు. భార్య చూడలేదు. పడుకుంది.

అడ్డు తగిలింది రాజమహేంద్రవరం నుంచి మావగారు. "అల్లుడుగారూ, పాపికొండలకెళ్ళే లాంచీ ఎక్కి ఎవరైనా ఇంజను పక్కన కూర్చుంటారాండీ?"

"మావయ్యగారూ, లాంచీలో కూర్చోడానికి డబ్బు తీసుకుంటారు. ఓడలో పడుకోడానికి తీసుకుంటారు. కూర్చోడం ఉచితం. డెక్ మీద సూట్ గది వాడి కుర్చీ, నా కుర్చీ ఒకటే."

పెద్దాయన కాసేపు ఊరుకుని, అమ్మాయికి ఫోనివ్వమన్నారు.

తర్వాత డల్లాస్‌లో ఉన్న తోడల్లుడు తగులుకున్నాడు. వాళ్ళు అలాస్కాకు బాల్కనీ గదిలో వెళ్ళొచ్చారు. మంచు కొండల్ని మంచం మీంచే చూశామని ఫ్యామిలీ గ్రూపులో వీడియో పెట్టారు. రావు వెంటనే అలాస్కాలోని గ్లేసియర్ బే పార్కు గురించి చదివేశాడు. అక్కడికి రోజుకు రెండు పెద్ద టూరిస్టు ఓడల్ని మించి రానివ్వరు. పార్కు రేంజర్లు ఓడెక్కి, ఏ కొండ ఏమిటో మైకులో చెబుతారు. మార్జెరీ హిమానీనదం ఎదుట ఓడ నిలిచి, మెల్లగా తిరిగి రెండు వైపుల వాళ్ళకూ చూపిస్తుంది. రావు జవాబు రెండు పేరాలు వచ్చింది. సారాంశం ఇది: బాల్కనీలో ఉన్నవాడికి ఓ పక్కే కనిపిస్తుంది, పై డెక్ మీద నిలబడ్డవాడికి చుట్టూ కనిపిస్తుంది. పైగా జూన్‌లో అక్కడ రాత్రి పది దాటినా వెలుతురు పోదు, హాయిగా నిద్రపట్టేది కిటికీ లేని గదిలోనే. తోడల్లుడు బొటనవేలు బొమ్మ పెట్టి తప్పుకున్నాడు. నిజం చెప్పాలంటే ఈ ముక్కలో రావుదే పైచేయి.

గది ఎంచుకోవడం ఆయనకు కొత్త విద్య కాదు. శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో ఏ బెర్తుకు బాత్రూం వాసన రాదో, మడివాళ దగ్గర ఎక్కే స్లీపర్ బస్సులో ఏ బెర్తు చక్రం మీద పడుతుందో ఆయనకు కంఠతా వచ్చు. ఓడ నక్షా చేతికొచ్చాక ఆ విద్య ముదిరింది. తన పెళ్ళికి జాతకం కూడా అంత శ్రద్ధగా చూడలేదట. గది ఓడ నడుమ ఉండాలి, కింది అంతస్తులో ఉండాలి. ఊపు ముందు భాగంలోనూ పై అంతస్తుల్లోనూ ఎక్కువ, నడుమ కిందగా తక్కువ. నెత్తిమీద డాన్సు హాలు ఉండకూడదు, పాదాల కింద వంటశాల ఉండకూడదు. పైనా కిందా గదులే ఉండాలి, వాటిల్లో మనుషులు నిద్రపోతూ ఉండాలి. కిటికీ ఉన్న చవక గదుల గుట్టు కూడా పట్టేశాడు. వాటిలో కొన్నింటికి ఎదురుగా లైఫ్‌బోటు వేలాడుతూ ఉంటుంది. "సముద్రం బదులు నారింజ రంగు పడవ కడుపు చూడ్డానికి డబ్బా!" అన్నాడు.

కొన్ని విదేశీ ఓడల్లో లోపలి గదుల వాళ్ళ మీద జాలిపడి, గోడకు నిలువెత్తు తెర బిగించి, బయటి కెమెరాలోని సముద్రాన్ని అందులో చూపిస్తున్నారు. డిస్నీ వాళ్ళ ఓడలో 2011లోనే గుండ్రటి ఉత్తుత్తి కిటికీలు వచ్చాయి, వాటిలో అప్పుడప్పుడు కార్టూన్ పాత్రలు కనిపిస్తాయి. ఇది విని రావు మురిశాడు. తెర ఉన్న గదికి మామూలు లోపలి గదికన్నా రేటు కాస్త ఎక్కువని తెలిశాక నొచ్చుకున్నాడు. లేని కిటికీకి అద్దె కట్టడం ఆయన వల్ల కాదు.

అసలు ధర్మసంకటం ఆఖర్న వచ్చింది. గదిని మనం ఎంచుకోకుండా కంపెనీకే వదిలేస్తే రేటు ఇంకా తగ్గుతుంది. ఒకవైపు పొదుపు, మరోవైపు నెల రోజుల పరిశోధన. వారం పాటు ఆయన ముఖం చూడలేకపోయాం. పొదుపే గెలిచింది. కంపెనీ ఇచ్చిన గది లిఫ్టు పక్కనే ఉంది. లిఫ్టు పక్కన గది ఉంటే నిద్ర ఉండదని అపార్ట్‌మెంట్ గ్రూపులో వ్యాసం రాసిన మనిషే, మర్నాడు "లిఫ్టు దగ్గరుంటే నడక కలిసొస్తుంది" అని ఇంకోటి రాశాడు. మొదటిది డిలీట్ చేయలేదు. అదీ ఆయన నిజాయితీ.

చెన్నైకి రైల్లో వెళ్ళారు, అందులో మాత్రం కిటికీ పక్క సీటే. అది టికెట్లో కలిసే వస్తుంది కదా.

లోపలి గదిలో దీపం ఆర్పితే తెల్లారిందో లేదో బ్రహ్మకైనా తెలియదు. మొదటి రాత్రి రావు లేచి, స్నానం చేసి, భార్యను లేపి, మంకీ క్యాపు పెట్టుకుని సూర్యోదయానికి డెక్ ఎక్కాడు. అప్పుడు రాత్రి రెండున్నర. ఇంత కష్టపడి స్నానం చేసి కిందికి దిగిపోతే నష్టం కనుక అక్కడే కుర్చీ పట్టుకుని కూర్చున్నాడు. మర్నాటికి ఉపాయం దొరికింది. టీవీలో ఒక ఛానెల్ ఓడ ముక్కు మీది కెమెరాకు కట్టి ఉంటుంది. ధ్వని తగ్గించి ఆ ఛానెల్ వదిలేస్తే తెల్లవారినట్టు తెర మీదే తెలుస్తుంది. "ఇదిగో, మన కిటికీ" అని భార్యకు చూపించాడు. ఆవిడ అటు తిరిగి పడుకుంది. (ఈ ఉపాయం బాగుంటుంది, అలాంటి ఛానెల్ ఉన్న ఓడలో ఎవరైనా వాడుకోవచ్చు.)

ఇచ్చిన డబ్బుకు ప్రతిఫలం రాబట్టడం రెండో రోజు కార్యక్రమం. ఆరింటికే కుర్చీ మీద తువ్వాలు పడింది. బఫేలో మూడు రౌండ్లు పడ్డాయి. మధ్యాహ్నం వైట్‌ఫీల్డ్ నుంచి వచ్చిన తెలుగు కుటుంబం ఒకటి పరిచయమైంది. వాళ్ళది బాల్కనీ గదని తెలిసిన పది నిమిషాలకే "ఏదీ, ఎలా ఉంటుందో చూద్దాం" అని వాళ్ళ గదిలో తేలాడు. వాళ్ళు తెర దించేసి, ఏసీ వేసుకుని, టీవీలో క్రికెట్ చూస్తున్నారు. మంచం మీద పిల్లాడు నిద్రపోతున్నాడు, అందుకే వెలుతురు రాకుండా జాగ్రత్త. రావు ముఖంలో ఆ క్షణాన కనిపించినంత ఆనందం తమ కొడుకు ఐఐటీలో చేరినప్పుడు కూడా చూడలేదని ఆయన భార్యే తిరిగొచ్చాక చెప్పింది. ఆ ఖాళీ బాల్కనీలో టీ తాగుతూ గంట కూర్చుని, పన్నెండు వేలు లాభమని షీటులో రాసుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆవిడ అడిగిన ప్రశ్న ఒకటే. "మిగిలాయన్న ఆ ఇరవై నాలుగు వేలు ఏవండీ?" దానికి షీటులో గడి లేదు. ఆ వారమే చిక్‌పేటలో ఆవిడ ఒక పట్టుచీర తీసుకుంది. ధర ఎంతో చెప్పనక్కర్లేదు.

లెక్క మటుకు ఆయనదే కరెక్టు. రెండు మూడు రాత్రులకు ఓడెక్కి, రోజంతా డెక్ మీద తిరగగలిగినవాళ్ళకు లోపలి గది చాలు. పసిపిల్లలున్నా, మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళున్నా, మూసిన గదిలో ఊపిరాడనివాళ్ళున్నా కిటికీ గదే తీసుకోండి. దానికి ఎంతిచ్చారో రావుగారికి మాత్రం చెప్పకండి.