ప్లానేశ్వరరావు గారి బార్సిలోనా యాత్ర

ఊళ్ళు తిరిగేవాళ్ళు వేరు, తిప్పేవాళ్ళు వేరు. ప్లానేశ్వరరావు గారు తిప్పే రకం. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, వెనకాల మేమంతా పిల్చుకునే పేరు. ఆ పేరుకి తగ్గవాళ్ళు ఫ్రాంక్‌ఫర్ట్‌లో, మ్యూనిక్‌లో, లండన్‌లో, అసలు తెలుగువాళ్ళు నలుగురు చేరి ఉగాది పచ్చడి కలుపుకునే ప్రతి ఊళ్ళోనూ ఒకరైనా ఉంటారు. ఉద్యోగం సాధారణంగా సాఫ్ట్‌వేరు. ఆఫీసులో మేనేజరు పదవి అందీ అందకుండా ఊరిస్తున్నవాళ్ళయితే మరీ ప్రమాదం. ఆ ముచ్చటంతా మన మీద తీర్చుకుంటారు.

జర్మనీలో క్రీస్తు ఆరోహణ పండుగ ఎప్పుడూ గురువారమే వస్తుంది. మధ్యలో మిగిలిన శుక్రవారం ఒక్కటీ సెలవు పెడితే ఆదివారం దాకా నాలుగు రోజులు కలిసొస్తాయి. కొత్త క్యాలెండరు గోడకెక్కగానే మనం సంక్రాంతి ఏ వారమో, ఉగాది ఎప్పుడో చూసుకుంటాం. ఆయన గురువారాలు చూసుకుంటాడు. ఆ సాయంత్రమే వాట్సాప్‌లో గ్రూపు పుడుతుంది. మొదట దాని పేరు "మెడిటరేనియన్ డ్రాఫ్ట్". వారానికి "బార్సిలోనా ఫైనల్". ఇంకో వారానికి "బార్సిలోనా ఫైనల్ కొత్తది". ఇది కాక ఆయన లేని గ్రూపు ఇంకొకటి ఉంటుంది. దానికి పేరుండదు, దణ్ణం పెట్టే చేతుల బొమ్మ ఉంటుంది, అంతే.

బార్సిలోనా ఊరికే గెలవలేదు. నీస్, మార్సెయ్, నేపుల్స్ కూడా పోటీలో ఉన్నాయి. ఒక్కో ఊరికీ మార్కులు వేశాడు. నీస్ సముద్రతీరంలో ఇసక ఉండదు, గులకరాళ్ళే. అందుకని "అత్తయ్యగారి మోకాళ్ళు" అన్న గడిలో దానికి సున్నా పడింది. నేపుల్స్ పక్కనే వెసూవియస్ అగ్నిపర్వతం ఉంది కాబట్టి "రిస్కు" గడిలో మైనస్ రెండు. మార్సెయ్ ఎందుకు ఓడిపోయిందో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

అత్తయ్యగారూ, మావయ్యగారూ కాకినాడ నుంచి విజిటింగ్ వీసా మీద వచ్చి ఉన్నారు. వాళ్ళకి ఏదైనా చూపించాలన్నది ఆయన భార్య కోరిక. ఆవిడ అన్నది అంతే: "ఏవండీ, ఎక్కడికైనా సముద్రం దగ్గరికి తీసుకెళ్దాం. అమ్మ కాసేపు కూర్చుంటుంది." ఈ "కాసేపు కూర్చుంటుంది" అన్నది తర్వాత ఆయన ఎక్సెల్ షీట్లో ఒక వరసైంది. శనివారం, 5:20 నుంచి 6:00 వరకు.

ముందు విమానం సంగతి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బార్సిలోనాకి చవక టికెట్టు పట్టానని ఆయన ప్రకటించినప్పుడు మేం నిజంగానే సంబరపడ్డాం. విమానం లేచేది హాన్ నుంచి. ఆ విమానాశ్రయం పేరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఉంది కానీ ఊరికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. దిగేది జిరోనాలో. అక్కణ్ణుంచి బార్సిలోనా దాదాపు తొంభై కిలోమీటర్లు. ఇటు బస్సు, అటు బస్సు కలుపుకుంటే మిగిలిందంతా ఆ బస్సులకే సరిపోయింది. ఆ మాట ఎవరో గ్రూపులో అంటే ఆయన జవాబు: "రెండు ఊళ్ళు అదనంగా చూసినట్టు కదండీ."

ఇక షీటు. ఒక ఆదివారం భోజనాలయ్యాక మా రెండు కుటుంబాలనీ సోఫాల్లో కూర్చోబెట్టి టీవీకి తగిలించి చూపించాడు. చర్చిలు పసుపు, మ్యూజియాలు నీలం, భోజనాలు ఆకుపచ్చ. బూడిదరంగు వరసలు చాలా కనిపించాయి. అవేమిటని అడిగితే "బఫర్" అన్నాడు. పిల్లల్ని బాత్రూంకి తీసుకెళ్ళడానికి పదిహేను నిమిషాలు, దానికి బఫర్ అయిదు నిమిషాలు. అత్తయ్యగారు అన్నీ ఓపిగ్గా చూసి ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"సముద్రం దగ్గరికి అన్నారు కదా బాబూ, ఆ రోజు తిథి ఏమిటి? పర్వదినం కాకుండా సముద్రాన్ని ముట్టుకోకూడదు."

ఆయన మొహం తెల్లబోయింది. వాతావరణం గడి ఉంది, సూర్యాస్తమయం గడి ఉంది, ఆ రోజు పికాసో మ్యూజియానికి సెలవా కాదా అన్న గడి ఉంది. తిథి గడి లేదు! మర్నాటికల్లా వచ్చేసింది. దాని పక్కనే రాహుకాలం కూడా. అదీ హైదరాబాదు లెక్క కాదు, బార్సిలోనా సూర్యోదయాన్ని బట్టి కట్టింది. ఆయన మీద నాకు గౌరవం కలిగిన మొదటి రోజు అదే.

ఆవకాయకి కూడా ఒక వరస కేటాయించాడు. చేతిసంచీలో నూనె ఓడే వస్తువు నూరు మిల్లీలీటర్లు దాటితే విమానాశ్రయంలో పారేయిస్తారని, అత్తయ్యగారి జాడీలోంచి చిన్న చిన్న షాంపూ సీసాల్లోకి ఆవకాయ దింపించాడు. సీసా మూతి సన్నం, ముక్క లావు. ఆవిడ ఒక్కో ముక్కనీ చెంచా కాడతో తోస్తుంటే ఈయన పక్కన నిలబడి "పిండి కిందికి, నూనె పైకి రానివ్వండి అత్తయ్యగారూ, మూత దగ్గర లీకవుతుంది" అని సూచనలిస్తున్నాడు. డెబ్బై ఏళ్ళుగా ఆవకాయ పెడుతున్న మనిషికి!

అసలు ఆయన బార్సిలోనా వెళ్ళి వచ్చేసినట్టే లెక్క. రాత్రి పదకొండు దాటాక సోఫాలో కాళ్ళు చాపుకుని, గూగుల్ వీధి చిత్రాల్లో మా హోటలు నుంచి మెట్రో దాకా రోజూ నడిచేవాడు. ఏ మలుపులో మందులషాపుందో, ఏ ఇంటి బాల్కనీలో సైకిలు వేలాడుతోందో కంఠతా వచ్చు. తీరా వెళ్ళాక ఒక సందు చివర ఆయన ఠక్కున ఆగిపోయాడు. "ఇక్కడ ఎర్ర గుడారం కింద ఐస్‌క్రీం షాపుండాలే!" లేదు. మూసేసి సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. తెలిసినవాళ్ళెవరో పోయినట్టు కాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఆ ఊళ్ళో ఆయన అభిమాన పురుషుడు ఆర్కిటెక్టు గౌడీ కాదు, ఇల్దెఫోన్స్ సెర్దా. 1859 నాటి ప్లానులో పాత కోటగోడల అవతల కొత్త పేటంతా గళ్ళుగళ్ళుగా గీసిపెట్టిన ఇంజనీరు. ఒక్కో గడీ 113 మీటర్లు, నాలుగు మూలలూ ఏటవాలుగా కోసి ఉంటాయి. పైనుంచి తీసిన ఫొటో చూపించి "చూడండి, ఎక్సెల్ రాకముందే ఎక్సెల్" అంటాడు. ప్రతి గడిలోనూ రెండు వైపులే ఇళ్ళు కట్టి, మధ్యలో చెట్లకి చోటు వదలాలని సెర్దా అనుకున్నాడు. జనం నాలుగు వైపులా కట్టేసి, నడుమ ఖాళీలో షెడ్లు కూడా వేసుకున్నారు. ఈ ఘట్టం చెప్పేటప్పుడు ప్లానేశ్వరరావు గారి గొంతు పూడుకుపోతుంది.

గౌడీ చర్చి సగ్రద ఫమీలియాకి మటుకు ఆయన ఏర్పాటు దివ్యంగా కుదిరింది. పడమటి అద్దాలు ఎరుపూ నారింజా, తూర్పువి నీలం ఆకుపచ్చా. ఎండ పడమటికి వాలే వేళకి సరిగ్గా టికెట్లు తీశాడు. చెట్ల మానుల్లా పైకెళ్ళి కొమ్మలు చాచిన స్తంభాల మీద ఆ ఎర్రటి వెలుతురు పడుతుంటే, నా బోటి వాడికి కూడా నోట మాట రాలేదు. మావయ్యగారికి వచ్చింది. ఆయన పంచాయతీరాజ్‌లో ఓవర్సీరుగా చేసి రిటైరైన మనిషి.

"ఎప్పుడు మొదలెట్టారయ్యా?"

"1882 అండీ మావయ్యగారూ."

"ఇంకా పూర్తికాలేదూ? మేస్త్రీలు అడ్వాన్సు తీసుకుని ఎగ్గొట్టారా?"

అదేం కాదు, విరాళాల మీద కడుతున్నారు, మధ్యలో అంతర్యుద్ధం వచ్చి గౌడీ నమూనాలు పగిలిపోయాయి, అని అల్లుడు చెప్పాడు. చెప్పి ఊరుకోవచ్చు కదా! కట్టడానికి నగరపాలక సంస్థ సరైన పర్మిట్ ఇచ్చింది 2019లో, అంటే పని మొదలైన 137 ఏళ్ళకి, అని కూడా చెప్పాడు. మావయ్యగారు తృప్తిగా తలాడించారు. "అయితే అక్రమ కట్టడాలకి మన బీపీఎస్ లాంటిదన్నమాట. జరిమానా ఎంత కట్టారు?" ఇది మాత్రం షీట్లో ఉంది. 2018 నాటి ఒప్పందం ప్రకారం పదేళ్ళలో 3 కోట్ల 60 లక్షల యూరోలు.

మర్నాడు పార్క్ గ్వెల్‌లో మావయ్యగారు ఇంకా రెచ్చిపోయారు. రంగురంగుల పెంకుముక్కలు అతికించిన పాములాంటి బెంచీ మీద కూర్చుని అందరూ ఫొటోలు దిగుతుంటే, ఆయనకి అల్లుడు ఆ పార్కు పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం మొదలెట్టాడు. అది అసలు పార్కుగా పుట్టలేదు. గ్వెల్ అనే ఆసామి 1900లో కొండమీద అరవై ప్లాట్ల దాకా వేసి, గౌడీ చేత రోడ్లూ గోడలూ కట్టించిన వెంచరు. ప్లాటులో ఆరోవంతు జాగాలోనే ఇల్లు కట్టుకోవాలని షరతు. పైగా ఊరికి దూరం, ఎక్కడానికి సరైన బండి లేదు. ఇళ్ళు రెండంటే రెండు లేచాయి. వాటిలో ఒకటి నమూనా ఇల్లు. అమ్ముడుపోకపోతే గౌడీయే అందులో చేరాడు. 1914కి పనులు ఆపేశారు. తర్వాత నగరం కొనుక్కుని 1926లో జనానికి తెరిచింది.

మావయ్యగారు లేచి నిలబడి కొండంతా ఒకసారి కలయజూశారు. "ఆరోవంతులోనే కట్టుకోమంటే ఎవడు కొంటాడయ్యా? అప్రోచ్ రోడ్డు కూడా లేదాయె. మన సామర్లకోట రోడ్డులో ఒకాయన ఇలాగే వేశాడు. బెంచీలు మాత్రం ఇంత బాగా వెయ్యలేదు." షీట్లో పార్కుకి గంటన్నర రాసి ఉంది. ప్లాట్ల సరిహద్దులు ఎక్కడెక్కడ పడి ఉంటాయో మావయ్యగారు తేల్చుకునేసరికి రెండున్నర గంటలైంది. బఫర్లన్నీ అక్కడే హరించుకుపోయాయి.

మెట్రో కార్డుల గురించి చెప్పకపోతే అన్యాయం. టి-కాజువల్ అని పది ప్రయాణాల కార్డు, ఒక మనిషికే. టి-ఫమిలియార్ అని ఎనిమిది ప్రయాణాలది, నలుగురూ పంచుకోవచ్చు. ఏది లాభమో తేల్చడానికి గ్రూపులో మూడు రాత్రుళ్ళు చర్చ జరిగింది. చర్చ అంటే ఆయన రాస్తాడు, మేం బొటనవేలు బొమ్మ పెడతాం. అందులో ఇంకో మెలిక. ఒకసారి కార్డు కొట్టాక 75 నిమిషాల్లోపు మెట్రో నుంచి బస్సుకి మారితే అదంతా ఒకే ప్రయాణం. పిల్లలు ఐస్‌క్రీం నాకుతుంటే "ఇంకా పదకొండు నిమిషాలే ఉంది, మింగండి" అని తరిమే తండ్రిని అక్కడే చూశాను.

లా రాంబ్లాలో జేబుదొంగలుంటారని చదివినవాడు కాబట్టి అందరి పాస్‌పోర్టుల నకళ్ళూ నడుముకి కట్టుకున్నాడు. ఏమీ పోలేదు. కానీ ఆ వీధిలో తీసిన ఏ ఫొటో చూసినా ఆయన కుడిచెయ్యి జేబు మీదే ఉంటుంది, చూపు వెనకవాడి మీద.

అక్కడ హోటళ్ళలో రాత్రి వంట మొదలయ్యేది ఎనిమిది దాటాకే. మావయ్యగారు ఏడున్నరకి షుగరు మాత్ర వేసుకుని తినేయాలి. ఈ చిక్కు అల్లుడు ముందే ఊహించాడు. రాత్రి పూట ఆకుపచ్చ గడిలో "గది, పులిహోర" అని ఉంది. పగలు మాత్రం కాల్చిన రొట్టె మీద టమాటా రుద్ది, ఆలివ్ నూనె, ఉప్పు చల్లి ఇచ్చేది తిన్నాం. అత్తయ్యగారు దాని మీద షాంపూ సీసా వంచి ఆవకాయ నూనె రెండు చుక్కలు వేసుకుని "ఇప్పుడు బాగుంది" అన్నారు. బాగుంది కూడా.

శనివారం సాయంత్రం బార్సెలొనేటా ఇసక మీద కూర్చున్నాం. ఆ రోజు పర్వదినం కాదు. అందుకని ఆవిడ నీళ్ళలోకి దిగలేదు, ముట్టుకోలేదు. ఒడ్డున కూర్చుని చూస్తూ ఉండిపోయారు. "ఇదేం సముద్రం బాబూ, పోటూ పాటూ లేకుండా?" అని అడిగారు. మధ్యధరాలో ఆటుపోట్లు ఎందుకు తక్కువో, జిబ్రాల్టర్ దారి ఎంత ఇరుకో అల్లుడు చెప్పడం పూర్తిచేసేసరికి ఆరైంది. ఆయన లేచాడు, గడియారం చూశాడు, గొంతు సవరించుకున్నాడు. "అత్తయ్యగారూ, తర్వాతది మోన్‌జుయిక్ కొండ."

"మీరు వెళ్ళి రండి. నేను కూర్చుంటాను."

ఆవిడ కూర్చుంటే కూతురు కూర్చుంది. పిల్లలెలాగూ లేవరు. మావయ్యగారు చెప్పులు విప్పి తలకింద పెట్టుకున్నారు. ప్లానేశ్వరరావు గారు ఇటొక పదడుగులు, అటొక పదడుగులు నడిచి, చివరికి ఫోను పట్టుకుని ఆయనా చతికిలబడ్డాడు. కొండ పోయింది, కొండమీది కోట పోయింది. ఎనిమిదింటి దాకా ఎవరూ కదల్లేదు. ఇంటికొచ్చాక షీటు మళ్ళీ గ్రూపులో పెట్టాడు. తెరిచి చూస్తే శనివారం సముద్రం ఎదురుగా 5:20 నుంచి 8:00 వరకు అని ఉంది. పక్కగడిలో "ప్లాను ప్రకారం పూర్తయింది" అని కూడా.

ఆయన్ని చూసి నవ్వుకోవడం తేలిక. ఆ గ్రూపులో ఉన్న మిగతావాళ్ళం నాలుగు నెలల్లో చేసింది మాత్రం బొటనవేలు బొమ్మలు పెట్టడమే. ఆయన లేకపోతే ఆ గురువారం కూడా మైన్ నది ఒడ్డున మొక్కజొన్న పొత్తులు కాల్చుకుంటూ "ఎప్పుడైనా స్పెయిన్ వెళ్ళాలండీ" అని అనుకుంటూ ఉండేవాళ్ళం.

అంచేత మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలాంటి మనిషి ఉంటే షీటు గురించి వాదన పెట్టుకోకండి. సముద్రం ముందున్న గడి మాత్రం ఖాళీగా వదలమని ఇంట్లో పెద్దవాళ్ళ చేత చెప్పించండి. సగ్రద ఫమీలియా టికెట్లు ఆయన కొనమన్నప్పుడే కొనేయండి. గుమ్మం దగ్గరికి వెళ్ళి చూసుకుందాంలే అనుకుంటే బయటినుంచే దణ్ణం పెట్టుకుని రావాల్సి వస్తుంది.