అంగుళాల యంత్రంలో మిల్లీమీటర్ల బేరింగు

పాత వడ్రంగి యంత్రాల పిచ్చి పట్టిన అమెరికావాడు కొత్తది కొనడు. మిల్వాకీలో పుట్టిన డెల్టా కంపెనీ రంపపు బల్లో, గ్రాండ్ రాపిడ్స్‌లో ఆలివర్ కంపెనీ చేసిన చిత్రికపట్టే యంత్రమో ఎవరి షెడ్డులోనో తుప్పుపట్టి కనబడితే చాలు, ట్రక్కు మాట్లాడుకుని మరీ ఇంటికి తెచ్చుకుంటాడు. స్విచ్చి వేయగానే గోల. "దాని గొంతే అంత" అంటాడు అమ్మినాయన.

గొంతు కాదు, బేరింగు. బెల్టు తీసేసి షాఫ్టును చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. గరగర తగిలినా, పట్టి ఊపితే లొటలొటలాడినా దానికి కాలం చెల్లినట్టే.

ఇంత పాత సామాను ఎక్కడ దొరుకుతుందని బెంగ పడతాడు పాపం. తమాషా అంతా ఇక్కడే ఉంది. ఒళ్లంతా అంగుళాల లెక్కన పోతపోసిన ఆ యంత్రం కడుపులో చాలాసార్లు మిల్లీమీటర్ల బేరింగు కూర్చుని ఉంటుంది. పాత బేరింగు కంపెనీల్లో ఫాఫ్నిర్ వారి నంబరు 203, న్యూ డిపార్చర్ వారిది 3203. నేటి దుకాణంలో రెండింటికీ పేరు 6203. రంధ్రం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లు. వాషింగ్ మెషీన్లలోనూ ఇది తిరుగుతుంటుంది. నంబరులో చివరి రెండంకెలు 04 గానీ అంతకు మించి గానీ ఉంటే, వాటిని అయిదుతో హెచ్చవేస్తే రంధ్రం కొలత వచ్చేస్తుంది. 03 దగ్గర మాత్రం అయిదో ఎక్కం చెల్లదు.

కొనడం తేలికే, ఎక్కించడమే భారతం. పాతదాన్ని పుల్లర్‌తో లాగాలి. చేతికి మాత్రం ముందు దొరికేది సుత్తి. కొత్తదాన్ని షాఫ్టు మీదికి ఎక్కిస్తూ బయటి రింగు మీద కొట్టాడో, ఆ దెబ్బ గుండ్లలోంచి దిగి, అవి తిరిగే దారిలో గుంటలు పెడుతుంది. అప్పుడు కొత్త బేరింగు మొదటిరోజే ముసలిదైపోతుంది. నెట్టవలసింది లోపలి రింగును. తెలిసినవాడైతే షాఫ్టును ఫ్రీజర్లో పెట్టి, బేరింగును కాస్త వేడిచేస్తాడు. సీలు, గ్రీజు ఉన్నదైతే 80 డిగ్రీలు దాటనివ్వడు. ఐస్‌క్రీమ్ పక్కన ఇనుము, ఓవెన్లో ఇనుము! ఇంట్లోవాళ్లకు సంజాయిషీ చెప్పుకోవడం కూడా ఈ మరమ్మతులో భాగమే.

మరీ ముసలి యంత్రాల్లో అసలు గుండ్లే ఉండవు, వాటి బదులు ఒక మిశ్రలోహపు పోత ఉంటుంది. అలాంటి బేరింగుకు 1839లో ఐజాక్ బాబిట్ పేటెంటు పొందాడు. తగరం, ఆంటిమొనీ, రాగి కలిసిన ఆ లోహానికి ఆయన పేరే నిలిచింది. దాన్ని కరిగించి షాఫ్టు చుట్టూ పోస్తారు. అతుక్కోకుండా ముందుగా షాఫ్టుకు మసి పట్టిస్తారు. చూసేవాళ్లకు మాత్రం పసిపాపకు దిష్టిచుక్క పెడుతున్నట్టే ఉంటుంది.

గుండ్ల బేరింగులవాడు బెల్టు తగిలించి స్విచ్చి వేస్తాడు. రంపం గప్‌చుప్. అప్పుడు వినబడుతుంది, ఇన్నాళ్లూ ఆ గోల చాటున దాక్కున్న మోటారు గరగర. దానిలో బేరింగులు రెండు.