తాళపత్ర సూత్రములు: కుంచికా వ్యాఖ్యా సహితము

అవతారిక

థండర్‌బర్డ్ అను ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ 2020లో, తన 78వ వెర్షన్ మొదలుకొని, ఓపెన్‌పీజీపీ అను గుప్తలేఖన విద్యను స్వగృహమునకు తెచ్చుకొనెను. అంతకుముందు ఆ విద్య ఎనిగ్‌మెయిల్ అను యాడ్-ఆన్ పంచన బ్రదుకుచుండెను. ఇల్లు మారినంతనే వాడుకరులు రెండు పక్షములైరి. "అవతలివారి కీ నాయొద్దనే యుండగా ప్రతి ఉత్తరమునకును నేనేల బొత్తాము నొక్కవలె? తానే తాళము వేయరాదా?" యని మొదటి పక్షము. "అడుగకయే తాళము వేసినచో, అవతలివారు ఫోనులో తెఱచి, అక్షరముల గజిబిజి జూచి, 'ఏం పంపావయ్యా ఇది?' యని నన్నే తిట్టుదురు" అని రెండవది. ఈ ఉభయులకును సమాధానముగా సూత్రకారుడు సెట్టింగుల పేజీలో మూడు టిక్కుపెట్టెలను నిలిపెను. మల్లినాథసూరి కాళిదాసునకు సంజీవని వ్రాసెను. మేము మా శక్తికి తగినట్లు సెట్టింగులకు కుంచిక వ్రాయుచున్నాము.

మూలము (సారము)

1. వీలైనప్పుడు గుప్తీకరణము తానుగా మొదలగును.
2. గ్రహీతలు మారి వీలు తప్పినచో తానుగా ఆగును.
3. అట్లాగినప్పుడెల్ల తెలియజేయును.

ప్రతిపదార్థము

వీలైనప్పుడు = టు, సీసీ, బీసీసీ గడులలోని ప్రతియొక్కరి పబ్లిక్ కీయు పంపువానియొద్ద ఉండి, దానిని అతడు అంగీకరించియున్న సమయమున; గుప్తీకరణము = గ్రహీతకు దక్క అన్యులకు తెలియకుండ వ్రాతను మార్చుట; తానుగా = పంపువాడు టీ త్రాగుచున్నను; మొదలగును = ఎన్‌క్రిప్ట్ బొత్తాము నొక్కకయే నొక్కబడును.

గ్రహీతలు మారి = సీసీలో మేనేజరుగారు చేరి; వీలు తప్పినచో = ఆయనకు కీ యనునది లేకపోయినచో; తానుగా = పైన చెప్పినట్లే, ఫలము మాత్రము తలక్రిందులు; ఆగును = జీతాల పట్టిక దిగంబరముగా బయలుదేరును.

తెలియజేయును = తెరమీద నొక సూచన చూపును. దానిని చదువుట పంపువాని పూర్వజన్మ సుకృతము.

అధికారము

మొదటి రెండు పెట్టెలును పుట్టుకతో ఖాళీ. మూడవది పుట్టుకతోనే టిక్కు గలది. మొదటిది లేనిదే రెండవదానికి ప్రవృత్తి లేదు. ఇదిగాక, గుప్తముగా వచ్చిన ఉత్తరమునకు ప్రత్యుత్తరము వ్రాయునపుడు, ఈ పెట్టెలతో నిమిత్తము లేకయే గుప్తీకరణము మొదలగును. ఇది శిష్టాచారము: ఒకడు చెవిలో చెప్పినదానిని మైకులో బదులు చెప్పరాదు గదా.

విశేషములు

(అ) వీలనగా ఎవరి వీలు? పంపువాని వీలే. కీ యుండుటయే ఇచ్చట ప్రమాణము. గ్రహీత ఆ కీని నేటికిని వాడుచున్నాడా, ఆఫీసు ల్యాప్‌టాపులో నున్నదానిని ఫోనులోను పెట్టుకొన్నాడా, అసలీ గుప్తోత్తరములు అతనికి ఇష్టమా అనునవి సూత్రపరిధికి వెలుపల. రెండవపక్షమువారి మొర కిదియే మూలము. ఈ దోషమును 2017 డిసెంబరులో వెలువడిన ఆటోక్రిప్ట్ అను ఈమెయిల్ గుప్తీకరణ పద్ధతి మతస్థులు ముందే కనిపెట్టిరి. వారి మతమున కీ యున్నంత మాత్రమున తాళము పడదు. ఇరువైపులవారును "మాకు ఇష్టమే" యని తమ ఉత్తరముల హెడర్లలో ముందే తెలిపియుండవలె. లేదా వచ్చిన ఉత్తరమే గుప్తమై యుండవలె. సామర్థ్యము వేరు, సమ్మతి వేరు అని వారి సిద్ధాంతము.

(ఆ) ఇది తాళపత్రమే యైనను చిరునామా బట్టబయలు. ఎవరు ఎవరికి ఎప్పుడు వ్రాసిరో దారిలోని సర్వర్లకు తెలియును. సబ్జెక్టును మాత్రము థండర్‌బర్డ్ లోపల దాచి, వెలుపల మూడు చుక్కలు పెట్టును. "రహస్యం" అని సబ్జెక్టు పెట్టు అలవాటు గలవారికి ఇది మహోపకారము.

(ఇ) తాళపు బొమ్మ చూచి ధ్వనిని గ్రహింపవలెనందుమా, ఆ ధ్వని లోకమున చెడియున్నది. బ్రౌజరులోని తాళపు గుర్తునకు సరియైన అర్థము చెప్పినవారు 2021 నాటి గూగుల్ పరిశీలనలో నూటికి 11 మందియే. తక్కినవారిలో పెక్కుమంది సైటే నమ్మదగినదని భావించిరి. కావుననే 2023లో క్రోమ్ ఆ గుర్తును తొలగించెను. 2016లో జీమెయిల్ చేసినది దీనికి విలోమము. ఉత్తరము పోవు దారికి గుప్తరక్షణ లేనిచో, ఎఱ్ఱని తెఱచిన తాళము చూపనారంభించెను (ఇది దారికి వేసిన తాళము, వ్రాతకు కాదు). 44 దినములలో, రక్షిత మార్గమున వచ్చు ఉత్తరములు 25 శాతము పెరిగినవని గూగుల్ ప్రకటించెను. తాళమున్నదని చూపుట అలంకారము. లేదని చూపుట ఉపకారము.

పూర్వపక్షము

"ఇంత చర్చ యేల? సమస్తమును వాడుకరి వివేకమునకే వదలుదము" అందురా, ఆ వివేకమును 1999లోనే తూచిరి. ఆల్మా విటెన్, డగ్ టైగర్ అను పరిశోధకులు పన్నెండుగురిని కూర్చుండబెట్టి, పీజీపీ 5.0 అను గుప్తీకరణ సాఫ్ట్‌వేర్ ఇచ్చి, 90 నిమిషముల గడువు పెట్టిరి. సంతకముతో సహా సరిగా గుప్తీకరించి పంపగలిగినవారు మూడవవంతు. ఏడుగురు స్నేహితుల కీలకు బదులు తమ కీతోనే తాళము వేసిరి. అనగా ఉత్తరము స్నేహితునికి, చదువు హక్కు తమకు. మువ్వురు రహస్యమును పొరపాటున తెఱచియే పంపిరి. వీరందఱును ఈమెయిల్ ఎరిగినవారే. కావున ఈ పక్షము నిరస్తము.

"అట్లైన సమస్తమును యంత్రమునకే వదలుదము" అందురా, అదియు నిరస్తము. ఎట్లన్న:

సిద్ధాంతము

అక్కఱలేని తాళము పడినచో నష్టము విసుగు మాత్రమే. గ్రహీత తిట్టును, మనము మరల పంపుదుము, కథ ముగియును. కావలసిన తాళము ఊడినచో, పోయిన ఉత్తరమును వెనుకకు పిలుచు మంత్రము లేదు. నష్టములు ఇంత విషమములై యుండగా, 1వ సూత్రమునందలి "తానుగా"కును 2వ సూత్రమునందలి "తానుగా"కును ఒకే తూనికయు, ఒకే విధమైన టిక్కుపెట్టెయు ఇచ్చుట సూత్రకారుని సౌష్ఠవప్రీతియే కాని న్యాయము కాదు. 2వ సూత్రము పుట్టుకతో ఖాళీగా నుండుట అతని వివేకము. అది అక్కడ నుండనే నుండుట మొదటి పక్షమువారియెడ మొహమాటము. 3వ సూత్రము ప్రాయశ్చిత్తము. ప్రాయశ్చిత్తమున్నది గదా యని పాపము చేయుట శాస్త్రసమ్మతము గాదు.

తాత్పర్యము

మొదటి పెట్టెకు టిక్కు పెట్టుకోండి. రెండోది ఖాళీగానే ఉంచండి. అప్పుడు కీ లేని మనిషిని సీసీలో చేర్చారంటే ఉత్తరం కదలదు. ముందు ఆయన కీ సంగతి తేల్చమని పసుపు పట్టీ కనబడుతుంది. చిరాకేస్తుంది, నిజమే. ఇంటర్‌ఫేస్ గీసేవాళ్లకు వాడుకరుల నుంచి వచ్చే ఫిర్యాదుల్లో ఆ చిరాకే ఎక్కువగా వినబడవచ్చు, ఎందుకంటే చప్పుడు లేకుండా ఊడిన తాళం గురించి ఫిర్యాదు చేయాలంటే ముందు అది ఊడిన సంగతి తెలియాలి. తాళం వేసేటప్పుడు యంత్రం అడగకపోయినా ఫరవాలేదు. తీసేటప్పుడు మాత్రం ఆగి అడగాలి. సీసీ నుంచి మేనేజరుగారిని తీసేయడమా, ఉత్తరానికి తాళం తీసేయడమా అన్నది ఉద్యోగం చేసుకునే మనిషి తేల్చుకోవలసిన విషయం.