నక్షత్రాంకిత ఉచితం: టీకా తాత్పర్యసహితం

హైదరాబాద్ కార్వాన్‌లో తోలీ మసీదుకు కూతవేటు దూరంలో ఒక మొబైల్ రీఛార్జి దుకాణం ఉంది. దాని అద్దానికి అంటించిన కాగితం ఎండకు వెలిసి, ఎరుపు కాస్తా గులాబీ రంగుకు తిరిగింది. దాని మీది మూలం ఇది:

రీఛార్జిపై ఓటీటీ ఉచితం*

అంతే. మూడు మాటలు, ఒక చుక్క. చుక్క అర్థం చెప్పే పంక్తి కాగితం అడుగున ఉండాలి, ఉంది కూడా. కానీ సరిగ్గా అక్కడే ఇయర్‌ఫోన్లు, ఛార్జింగ్ వైర్లు గుత్తులుగా వేలాడుతున్నాయి. వాటిని పక్కకు జరిపి చదవబోతే లోపలి నుంచి "ఏం గావాలన్నా?" అని వినిపిస్తుంది. "ఆ చుక్క కావాలి" అనడానికి ఎవరికైనా మొహమాటమే.

మూలం కొరకరాని కొయ్య అయినప్పుడు వ్యాఖ్యాతను ఆశ్రయించడం మన ఆచారం. ఈ పని తెలంగాణ గడ్డకు కొత్త కాదు. కాళిదాసు మూడు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే మాట ఇచ్చాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు మొదటి నియమం వరకే ఓపిక.

ప్రతిపదార్థం. రీఛార్జి, ఓటీటీ అనేవి ఆబాలగోపాలానికీ తెలుసు కనుక విడిచిపెట్టడమైనది. ముందు చుక్క చూడాలి.

జ్యోతిషంలో నక్షత్రాలు 27. అభిజిత్తును కలుపుకుంటే 28. ఇది 29వది. అశ్విని మొదలు రేవతి దాకా ఒక్కోదానికి నాలుగేసి పాదాలుంటే, దీనికి ఉన్నదొక్కటే పాదం. అది కాగితం అడుగున, వైర్ల వెనక. దీని అధిదేవతలు షరతులు. ఈ నక్షత్రాన పుట్టిన ఉచితానికి ఆయుర్దాయం 84 రోజులు.

ఇక ఉచితం. "ఫ్రీనే అన్నా, 1299 కొట్టిస్తే" అని దుకాణదారు భాష్యం. ఈ భాష్యాన్ని పరీక్షించాలి. 2024 జూలైలో ధరలు పెరిగాక జియోలో రోజుకు 2 జీబీ చొప్పున 84 రోజుల ప్లాను 859 రూపాయలు. అదే డేటా, అవే రోజులు, పైన నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాను కలిస్తే 1299. తేడా 440. అదే మొబైల్ ప్లాను విడిగా కొనుక్కుంటే, 2021 డిసెంబరులో తగ్గించిన ధర ప్రకారం నెలకు 149, మూడు నెలలకు 447. ఆదా ఏడు రూపాయలు. ఆగండి, 84 రోజులు మూడు నెలలు కాదు. నెలకు 30 రోజుల లెక్కన చూస్తే 84 రోజులకు పడేది 417. అంటే ఈ ఉచితం కొన్నదానికంటే 23 రూపాయలు ఖరీదు. రోజుకు 3 జీబీ ప్లానుదీ ఇదే కథ: ఓటీటీ లేకుండా 1199, నెట్‌ఫ్లిక్స్ బేసిక్‌తో 1799. తేడా 600. విడిగా మూడు నెలలకు 597. ఇక్కడ రోజులు లెక్కపెట్టే శ్రమ కూడా అక్కర్లేదు.

84 రోజులంటే మూడు 28 రోజుల నెలలు. ఆ నెల గురించి ఒక మాట. చాంద్రమానం సౌరమానంతో కలవాలని మన పంచాంగకర్తలు 19 ఏళ్లలో ఏడు అధిక మాసాలు పెట్టారు. 2023లో అధిక శ్రావణం వస్తే, మళ్లీ 2026లోనే అధిక జ్యేష్ఠం. టెలికాం పంచాంగంలో మాత్రం ఏటా ఒక అధిక మాసం వస్తుంది. ఏడాదికి 13 రీఛార్జిలు. అధిక మాసంలో పెళ్లిళ్లు చేయరు గాని, బిల్లు కట్టించుకోవడానికి దోషం లేదు. 2022 జనవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కల్పించుకుని, ఒక్కో కంపెనీ కనీసం ఒక్క 30 రోజుల ప్లానైనా ఉంచాలంది. 28ని నెల అని పిలవొద్దని మాత్రం అనలేదు.

శాఖాంతరీయులు, అంటే ఆఫీసులో పక్క సీటులో కూర్చుని క్రెడిట్ కార్డుల మీద ప్రవచనం చెప్పేవాళ్లు, ఈ బాధలన్నిటికీ మందు ఉందంటారు. ఫలానా కార్డుతో కడితే ఐదు శాతం వెనక్కి వస్తుందట. 149 మీద ఐదు శాతం అంటే ఏడున్నర రూపాయలు. ఆ కార్డు వార్షిక రుసుము మాటేమిటంటే, ఏడాదికి లక్ష ఖర్చు పెడితే అదీ మాఫీ అని జవాబు. ఏడున్నర కోసం లక్ష!

వెనక్కి వచ్చే సొమ్ము విషయంలో కార్వాన్‌కు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. గోల్కొండకూ, 1578లో కట్టిన పురానాపూల్‌కూ నడుమ వర్తకుల బిడారులు విడిసిన చోటు ఇది. ఇక్కడి తోలీ మసీదుకు దమ్డీ మసీదు అని ఇంకో పేరు. అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులోని మూసాఖాన్ మక్కా మసీదు పనులు చూసుకున్నందుకు, ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్డీ ఆయనకు ముట్టేదనీ, అవన్నీ కూడబెట్టి 1671లో ఈ మసీదు కట్టించాడనీ చెబుతారు. దమ్డీ అంటే ఎంత? గోల్కొండలో హొన్నులు నడిచేవి, ఆ లెక్క వేరు. అక్బరు కాలపు లెక్క తీసుకుంటే రూపాయికి 40 దాములు, దాముకు ఎనిమిది దమ్డీలు. అంటే రూపాయిలో 320వ వంతు. నూరు రూపాయలకు మూడో వంతు రూపాయి కూడా రాదు.

ఆ మూడో వంతుకు లోపలి సొమ్ముతో ముందు ఐదు కమానులు, లోపలి హాలుకు మూడు, రెండు పక్కలా నిండా గచ్చు నగిషీలతో మీనార్లు లేచాయి. ఇవాళ ఐదు శాతం కార్డు దానికి పదహారు రెట్లు ఇస్తోంది. అయినా క్యాష్‌బ్యాక్‌తో ప్రహరీ గోడ కట్టినవాడు కూడా హైదరాబాద్‌లో కనబడడు. మూసాఖాన్ దమ్డీకి నెలవారీ గరిష్ఠ పరిమితి లేదు, గడువు లేదు, వాలెట్‌లోనే వాడుకోవాలన్న నిబంధన లేదు. మరో విశేషం: మహమ్మద్ కుతుబ్‌షా మొదలుపెట్టిన మక్కా మసీదు ఔరంగజేబు కాలంలో, 1694లో గాని పూర్తికాలేదు. అంటే అసలు కట్టడానికి 23 ఏళ్ల ముందే దాని క్యాష్‌బ్యాక్ సిద్ధమైపోయింది. ఇప్పుడు అసలు సొమ్ము క్షణంలో పోతుంది. క్యాష్‌బ్యాక్ తొంభై రోజుల్లోపు జమవుతుందని సందేశం వస్తుంది.

ఓటీటీ సంగతి మరిచిపోలేదు. నలుగురూ కలిసి ఒక ఖాతా తీసుకుని పంచుకుంటే చవక కదా అన్నది తర్వాతి పూర్వపక్షం. దీనికి రెండు స్మృతులున్నాయి. 2017లో నెట్‌ఫ్లిక్స్ పాస్‌వర్డ్ పంచుకోవడమే ప్రేమ అన్న అర్థంలో ట్విటర్‌లో ఒక వాక్యం పెట్టింది. 2023 జూలై 20న అదే సంస్థ, భారతదేశంలో ఒక ఖాతా ఒక గృహానికే అని ప్రకటించింది. స్మృతులకు విరోధం వస్తే ఏది ప్రమాణం? డబ్బు తెచ్చిపెట్టేది.

గృహమంటే ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ నీడన బతికేవాళ్లు. యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడికి గాని, 13వ శతాబ్దిలో దాన్ని తెలుగు చేసిన కేతనకు గాని ఈ లక్షణం తట్టలేదు. మితాక్షర ప్రకారం కొడుకు వేరే చోట కాపురం ఉన్నంత మాత్రాన విభాగం జరిగినట్టు కాదు. వేరుపడే ఉద్దేశం స్పష్టం కావాలి. కార్వాన్ పిల్లవాడు గచ్చిబౌలి హాస్టల్లో ఉంటూ, ఆదివారం ఇంటికొచ్చి కడుపునిండా తిని, ఉతికిన బట్టలు మోసుకుపోతాడు. ధర్మశాస్త్రం దృష్టిలో అవిభక్తుడు. వైఫై దృష్టిలో పరాయివాడు. కొన్ని దేశాల్లో పైన కొంత కట్టి బయటివాణ్ని కలుపుకోవచ్చు. ఇక్కడ ఆ రోజున ఆ దారి కూడా పెట్టలేదు.

ఇక్కడ వ్యాఖ్యాత గొంతు కాస్త పెరిగితే మన్నించాలి. డబ్బు కట్టేదే ప్రకటనలు లేకుండా చూడటానికని జనం అనుకున్నారు. 2025 జూన్ 17 నుంచి ప్రైమ్ వీడియో ఇక్కడా ప్రకటనలు మొదలుపెట్టింది. అవి వద్దంటే ఏడాదికి 699, లేదా నెలకు 129. నెలనెలా కట్టేవాడికి ఏడాదికి 1548 అవుతుంది. ప్రైమ్ వార్షిక సభ్యత్వమే 1499! ఇంటి అద్దెకంటే దోమతెర అద్దె ఎక్కువన్నమాట. ఇంత కట్టినా కావలసిన తెలుగు సినిమా అందులోనే ఉంటుందన్న హామీ లేదు. ఒకటి ఆహాలో, ఒకటి నెట్‌ఫ్లిక్స్‌లో, మూడోది జియోహాట్‌స్టార్‌లో. సినిమా ఒక్కటే చూద్దామనుకున్నవాడు అన్ని గడపలూ తొక్కాలి. 2020 ఉగాదికి ఆహా వచ్చినప్పుడు ఏడాదికి 365, అంటే రోజుకో రూపాయి. వ్యాఖ్యానం అక్కర్లేని ధర అది.

తాత్పర్యం. చవక దారి రీఛార్జిలోనూ లేదు, కార్డులోనూ లేదు. చూడాలనుకున్నవి నాలుగైదు పోగయ్యేదాకా ఆగి, నెలకు ఒక్క ఓటీటీకే కట్టి, కట్టిన రోజే ఆటోపే రద్దు చేసుకోవాలి. సాధారణంగా గడువు తీరేదాకా అది నడుస్తూనే ఉంటుంది. మరిచిపోయినవాళ్లకు రక్షగా, 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం డబ్బు కోతకు కనీసం 24 గంటల ముందు సందేశం రావాలి. అది వచ్చినప్పుడు చదవాలి.

ఫలశ్రుతి. రద్దు బటన్ నొక్కిన భక్తుణ్ని నిజంగానే వెళ్లిపోతున్నారా అని ఒకటికి రెండుసార్లు అడుగుతారు, కారణం చెప్పమని ఒక జాబితా చూపిస్తారు. అందులో 'చూడాల్సింది చూసేశాను' అన్నది దొరకదు. 'ఇతరములు' నొక్కాలి.