నువ్వే రాశావని సాక్ష్యమేదీ?

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. అప్పటిదాకా వ్యాసాలు దిద్దుతున్న పంతుళ్లకు కొత్తగా పోలీసు డ్యూటీ పడింది. 2023 జనవరి ఆఖర్న, దొంగను పెంచిన ఓపెన్‌ఏఐ సంస్థే జాగిలాన్నీ పంపింది: ఇది మనిషి రాతా, యంత్రం రాతా అని వాసన పట్టే పరికరం. ఆ సంస్థ లెక్క ప్రకారమే, యంత్రం రాసినవాటిలో అది పట్టింది 26 శాతం. మనుషులు సొంతంగా రాసుకున్నవాటిలో 9 శాతాన్ని మాత్రం దొంగసొత్తని తేల్చింది. కచ్చితత్వం చాలడం లేదని జులైలో దాన్ని మూసేశారు. అయినా మిగతా కంపెనీల సరుకుకు గిరాకీ తగ్గలేదు. శాతం గుర్తుతో ఒక అంకె కనబడితే చాలు, యాజమాన్యాల మనసు కుదుటపడుతుంది.

ఆ అంకె ఎవరి మెడకు చుట్టుకుంటోందో అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూశారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు అప్పగిస్తే, సగటున 61 శాతం యంత్రం రాసినవేనన్నాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల జోలికి దాదాపు పోలేదు. కారణం సులువే. తర్వాతి మాట ఎంత తేలిగ్గా ఊహకందితే అంత అనుమానం! కొద్దిపాటి మాటలతో, నేర్పిన చట్రంలో, తప్పు పోకుండా రాసేవాడి వాక్యం ఇట్టే ఊహకందుతుంది. కోచింగ్ సెంటర్లో ‘ఫస్ట్‌లీ, సెకండ్‌లీ, ఇన్ కన్‌క్లూజన్’ బట్టీపట్టి విమానమెక్కిన మన పిల్లవాడూ ఆ బాపతే. అసలు తమాషా ఏమిటంటే, అవే వ్యాసాల్లోని మాటలకు చాట్‌జీపీటీతో మెరుగు పెట్టిస్తే నింద 12 శాతానికి దిగింది. సొంతరాతేనని నమ్మించాలంటే యంత్రంతో ఓ చెయ్యి వేయించుకోవాలన్నమాట.

డిటెక్టర్ తీసేస్తే పిల్లలు రాయడమే మరిచిపోతారని పెద్దల వాదన. అందులో నిజముంది. తడుముకుంటూ, కొట్టేసుకుంటూ రాస్తేనే ఆలోచన తేటపడుతుంది. ఆ తడుములాట యంత్రానికి అప్పగిస్తే మిగిలేది ప్రింటవుటే. కానీ మన బళ్లలో దానికి చోటెప్పుడుంది? ‘వార్తాపత్రికల వలన లాభాలు’ గైడులోంచి దింపితే మార్కులు, సొంతవాక్యం కలిపితే ఎర్రసిరా! గైడుకు అంటని పాపం యంత్రానికెలా అంటింది? క్లాసులోనే చిత్తుప్రతి రాయించడం, ప్రశ్నలడిగి తిరగరాయించడం, ‘ఈ ఉదాహరణే ఎందుకురా?’ అని నోటితో చెప్పించడం ఎప్పటినుంచో ఉన్న ఉపాయాలే. అరవైమంది క్లాసులో కుదురుతుందా అంటారు. కుదరదు. కుదరాలంటే టీచర్లను పెంచాలి, జీతాలివ్వాలి. డిటెక్టర్ చందా అంతకంటే చవక. కొనబోయేవారికి ఒక్కటే మనవి: పిల్లల వ్యాసాలకంటే ముందు, మీ బ్రోచర్‌లోని ‘కరస్పాండెంట్ గారి సందేశం’ దానికి చూపించండి.