కాటా ఇచ్చిన తీర్పు

మన ఊళ్లలో నడకను చంపుతున్నది ఎండ కాదు, వీధి కుక్కలు కాదు, తవ్వి వదిలేసిన ఫుట్‌పాత్‌లూ కాదు. కాటా. బాత్‌రూమ్ పక్కన గాజు పలక పరుచుకుని పడుకున్న ఆ డిజిటల్ పెద్దమనిషి చూపిన అంకె తగ్గితే నడక మంచిది, తగ్గకపోతే దండగ. పై కోర్టు లేదు, అప్పీలు లేదు.

ఆయన దర్శనానికి మడీ ఆచారం బాగా ఎక్కువ. పరగడుపున వెళ్లాలి. కాలకృత్యాలన్నీ అయ్యాకే ఎక్కాలి. వాచీ తీసేయాలి, ఉంగరం తీసేయాలి, జేబులో చిల్లర తీసేయాలి. కొందరు కళ్లజోడు కూడా తీసేసి, తీరా అంకె కనపడక, "ఏమేవ్, ఇలా వచ్చి చూడు, ఎంతుందీ?" అని కేకేస్తారు. "నిన్నెంతో అంతే" అని వంటింట్లోంచే జవాబొస్తుంది. ఆవిడ వచ్చి చూడక్కర్లేదు.

ఆరు వారాలు ఈ పూజ సాగాక తీర్పు వెలువడుతుంది: "మన బాడీకి వాకింగ్ పడదండీ." మర్నాటి నుంచి బూట్లు అటకెక్కుతాయి.

ఆ ఆరు వారాల్లో ఒంట్లో ఏం జరిగిందో కాటాకు తెలియదు, తెలిసే వీలూ లేదు. జరిగిందంతా కేశనాళికల్లో. ఒకే వరస కణాలతో కట్టిన గోడ వాటిది. ఎర్ర రక్తకణం ఒళ్లు వంచుకుని దూరాల్సినంత ఇరుకు. ప్రాణవాయువైనా చక్కెరైనా కండరానికి చేరేది అక్కడే. గోదావరి కాలువల కింద సేద్యం చేసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు: పెద్ద కాలువ నిండుగా పారుతున్నా పంట బోదె పూడితే శివారు చేను ఎండుతుంది. మామూలుగా భోజనం తర్వాత ఇన్సులిన్ ఈ సన్ననాళాల్లోకి రక్తాన్ని మళ్లించి కండరానికి చక్కెర అందేలా చూస్తుంది. పొట్ట పెరిగినకొద్దీ ఇన్సులిన్ మాట చెల్లుబాటు తగ్గి, చక్కెర రక్తంలోనే మిగిలిపోతుంది. పెద్ద నాళాలను చూపించే యాంజియోగ్రామ్‌లోనూ ఈ సన్నవాటి గోడు కనపడదు.

నడక మొదలైతే కథ మారుతుంది. పనిచేసే కండరం ఇన్సులిన్ సిఫార్సు లేకుండానే రక్తాన్నీ చక్కెరనూ పిలిపించుకుంటుంది. రక్తం జోరుగా గోడను రాసుకుంటూ పారితే, ఆ గోడ నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తుంది, నాళం సడలి వెడల్పవుతుంది. ఈ వాయువు చేసే పనిని బయటపెట్టిన ముగ్గురికి 1998లో నోబెల్ ఇచ్చారు. కొన్ని వారాలు మానకుండా చేస్తే కండరంలో కొత్త కేశనాళికలు పుడతాయి. వాటి బరువెంత అంటారా? కాటా కదిలేంత కాదు.

టైప్ 2 మధుమేహం ఉన్నవాళ్ల మీద జరిగిన 14 ప్రయోగాలను కెనడా పరిశోధకులు కలిపి లెక్కగట్టి 2001లో ప్రచురించారు. వ్యాయామం చేసినవాళ్లకూ చేయనివాళ్లకూ బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. రక్తంలో చక్కెర సగటును చూపే హెచ్‌బీఏ1సీ మాత్రం వ్యాయామం చేసినవాళ్లలో 0.66 శాతం పాయింట్లు తక్కువ. ఆ పని ఏ మాత్రో చేసి ఉంటే ఈపాటికి ఊరంతా హోర్డింగులు లేచేవి.

హోర్డింగులు లేకపోలేదు. జిమ్ బయట ఫ్లెక్సీ: "30 రోజుల్లో 10 కిలోలు!" ఎడమ ఫొటోలో పొట్ట వదిలేసిన ఏడుపు మొహం, కుడి ఫొటోలో అదే మనిషి ఊపిరి బిగబట్టి నవ్వుతూ. దానికి తోడు నడుముకు చుట్టుకునే వైబ్రేటర్ బెల్టు. మనిషి టీవీ ముందు కూర్చుంటాడు, బెల్టు వ్యాయామం చేస్తుంది. మందుల చీటీ అడుగున "బరువు తగ్గాలి" అని గీకి, నడక మాట ఎత్తకుండా పంపే డాక్టర్లూ ఈ కాటా భక్త సమాజంలో సభ్యులే.

కాటా బెయిలిచ్చి వదిలేసినవాళ్ల సంగతి ఇంకా చిత్రం. "నేను 62 కిలోలే" అంటాడు పుల్లల్లాంటి కాళ్ల మీద కుండలాంటి పొట్టను మోస్తున్న పెద్దాయన. మధుమేహం, గుండెజబ్బు ముప్పును సూచించే మెటబాలిక్ సిండ్రోమ్‌కు చూసేవి ఐదు: నడుము చుట్టుకొలత, రక్తపోటు, పరగడుపు చక్కెర, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్. మన దేశంలో మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 చేరితే ఒక గీత పడ్డట్టే. ఐదింట్లో మూడు గీత దాటితే సిండ్రోమ్. ఈ ఐదింటిలో బరువు ఎక్కడుందో వెతికి పెట్టండి.

బరువు తగ్గితే మంచిదే, నాళాలూ సంతోషిస్తాయి. కాకపోతే ఆ లెక్క చాలావరకు కంచం దగ్గర తేలాలి. మూడు గరిటెల అన్నం చేసిన నేరాన్ని ముప్పావు గంట నడక మీద మోపడం అన్యాయం. నడక అడుగుతున్నది వారానికి కనీసం 150 నిమిషాలు, అదీ కాస్త ఆయాసం వచ్చేలా. ఒక పూట చేసిన మేలు ఒకటి రెండు రోజులే నిలుస్తుంది కాబట్టి వరసగా రెండు రోజులకు మించి మానొద్దంటారు మధుమేహ నిపుణులు. మనవాళ్లు మాత్రం నడకనగానే "సంక్రాంతి వెళ్లనీండి, చూద్దాం" అంటారు. అరిసెల విషయంలో ఆ మాట ఎవరూ అన్నట్టు వినలేదు.